ఐదారు కోసుల కల్లు

గోల్కొండ సుల్తానుల నాటి నుంచీ హైదరాబాద్ తాగుతూనే ఉంది, తాగి ఖజానా నింపుతూనే ఉంది. ఆ కల్లు అమ్మిన చోటు మాత్రం ఇదీ అని చూపించే గోడ పాతబస్తీలో ఒక్కటీ లేదు. ఎందుకని?

రోజూ ఐదారు వందల గుర్రాలు. ఒక్కో గుర్రం మీద అటొకటి, ఇటొకటి తోలు తిత్తులు. తిత్తుల నిండా కల్లు. ఐదారు కోసుల దూరంలోని తోపుల నుంచి అవి దౌడు తీస్తూ భాగ్యనగరంలోకి వచ్చేవి. 17వ శతాబ్దం నడిమి రోజుల్లో గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ తన యాత్రా గ్రంథంలో రాసిపెట్టిన సంగతి ఇది. వజ్రాల బేరానికి వచ్చినవాడు కల్లు గుర్రాలను లెక్కపెట్టాడంటే, అవి ఎంతగా కంటబడ్డాయో ఊహించుకోవచ్చు.

ఆయన ఇంకో సంగతీ రాశాడు. ఈ కల్లు మీద పన్ను సుల్తానుకు పెద్ద రాబడి. నగరంలో దరోగా చిట్టాకెక్కిన వేశ్యలు ఇరవై వేల పైచిలుకు ఉన్నారట. పొద్దుగూకగానే వాళ్ల గుమ్మాల ముందు దీపాలు వెలిగేవట. కల్లు దుకాణాలకూ అదే గిరాకీ వేళ. అంతమందిని రాజ్యం ఊరికే సహించలేదు, వాళ్ల వల్ల కల్లు అమ్మకం పెరుగుతుంది, కల్లుతో పాటు పన్నూ పెరుగుతుంది అని ఆయన తేల్చాడు. ఇరవై వేలన్న అంకెను కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. యాత్రికులకు పెద్ద అంకెలంటే మోజు. కానీ గుర్రాల సంగతి నాకు నమ్మబుద్ధవుతుంది. దూరం, తిత్తి, దౌడు, ఈ మూడూ కల్లు స్వభావానికి అచ్చంగా సరిపోతాయి. చెట్టు దిగిన కల్లుకు ఆగే ఓపిక ఉండదు.

ఇవాళ చార్మినార్ దగ్గర మొదలయ్యే వారసత్వ నడకలో మక్కా మసీదు చూపిస్తారు, లాడ్‌బజార్ గాజులు చూపిస్తారు, చౌమొహల్లా షాండిలియర్ల కింద నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఇంకాస్త ఓపికున్నవాళ్లు 1578లో కట్టిన పురానాపూల్ దాకా తీసుకెళ్తారు. ఈ ఊరు దేంతో సేదదీరిందో, ఏ రాబడి ఈ కమానులకు సున్నం కొట్టించిందో ఎవరూ చెప్పరు. బహదూర్‌పురా దాటాక తాడ్‌బన్ అనే బస్తీ ఒకటుంది. తాటివనం పేరు మిగిలింది, తాళ్లు పోయాయి. పాతబస్తీలో కల్లు చరిత్రకు దొరికే ఆనవాలు దాదాపు అంతే.

వేరే దేశాల్లో ఇలా లేదు. జర్మనీలో ఏ చిన్న పట్నానికి వెళ్లినా పాత బీరు కార్ఖానా ఒకటి కనబడుతుంది. కార్ఖానా మూతపడి ఉండొచ్చు, పొగగొట్టం చల్లారి ఉండొచ్చు, భవనం మాత్రం నిలబడే ఉంటుంది. బెర్లిన్‌లో షుల్థైస్ కంపెనీ కట్టిన ఇటుకల కోట లాంటి బీరు కార్ఖానాలో 1967లో కాచడం ఆపేశారు. 1974లోనే దాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. ఇవాళ అది నాటకశాలలు, సినిమా హాళ్లు ఉన్న సాంస్కృతిక కేంద్రం. డార్ట్‌మండ్‌లో 1926–27లో కట్టిన యూనియన్ బీరు కంపెనీ టవరు మీద బంగారు రంగు ‘యు’ అక్షరం ఊరంతటికీ కనబడుతుంది. అక్కడ బీరు తయారీ 1994లో ఆగింది. 2010 నుంచి అది కళల కేంద్రం, మ్యూజియం.

వాళ్లకు చరిత్ర మీద ప్రేమ ఎక్కువ, మనకు తక్కువ అని పెదవి విరిచేసి ఊరుకోవచ్చు. అది సగం నిజమే. మిగతా సగం కుండలో ఉంది.

చలి కట్టిన మేడలు

బీరు అసలు పని గింజ నుంచి మొదలవుతుంది. బార్లీని నానబెట్టాలి, మొలకెత్తించాలి, ఆరబెట్టాలి, దంచాలి, ఉడికించాలి, చల్లార్చాలి, పులియబెట్టాలి. ఒక్కో పనికి ఒక్కో గది కావాలి. జర్మన్లు ఇష్టపడే లాగర్ బీరుకైతే ఇంకో కష్టం. అది చలిలో మెల్లగా పులియాలి, వారాలూ నెలలూ చల్లటి చోట నిలవుండాలి. ఎండాకాలంలో కాచిన బీరు చెడిపోతోందని 1553లో బవేరియా పాలకులు వేసవిలో బీరు కాచడాన్నే నిషేధించారు. సెప్టెంబర్ చివరి నుంచి ఏప్రిల్ దాకానే కాచాలి. మరి వేసవిలో తాగేదెలా? నేల కింద సొరంగాల్లాంటి నేలమాళిగలు తవ్వి, చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి తెచ్చి నింపి, బీరు పీపాలను దాచారు. నేలమాళిగ పైకప్పు వేడెక్కకుండా చెస్ట్‌నట్ చెట్లు నాటారు. ఆ చెట్ల నీడలోనే బల్లలు వేసుకుని తాగడం మొదలెట్టారు. ఇవాళ ప్రపంచమంతా అనుకరించే బీర్ గార్డెన్ పుట్టుక అదే.

1870ల్లో కార్ల్ వాన్ లిండే అనే ఇంజినీరు మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కంపెనీ కోసం చలి పుట్టించే యంత్రం తయారుచేశాడు. మన వంటింట్లో గురగురలాడే ఫ్రిజ్‌కు పూర్వీకుల్లో అదొకటి. ఆ యంత్రాలు పెట్టుకోవడానికి మళ్లీ కొత్త భవనాలు. అంటే జర్మన్ బీరు కార్ఖానాను చలి కట్టింది. చలిని పట్టి నిలబెట్టుకోవడానికే ఆ మందపాటి గోడలు.

అప్పటి మన దేశంలో తెల్లవాళ్లు పెట్టిన తొలి బీరు కార్ఖానాలు ఎక్కడున్నాయో చూడండి. కసౌలీ, మర్రీ, నీలగిరి. అన్నీ కొండలే. దక్కను ఎండలో బీరు కాచడం అప్పట్లో సాహసమే. చెయ్యాల్సిన అవసరం ఈ గడ్డకూ లేదు. ఇక్కడ చెట్టే కార్ఖానా.

తాటిచెట్టు గెలను గాని, ఈతచెట్టు మెడను గాని చెక్కి లొట్టి కడితే కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. ఉడికించనక్కర్లేదు, ఈస్టు కలపనక్కర్లేదు. గాలిలో ఉన్న ఈస్టు, నిన్నటి లొట్టిలో మిగిలిన ఈస్టు చాలు. లొట్టి చెట్టు మీద ఉండగానే పులియడం మొదలవుతుంది. తెల్లారి దింపేసరికి నూటికి నాలుగైదు పాళ్ల మత్తు, అంటే ఇంచుమించు బీరంత. మధ్యాహ్నానికి ఘాటు పెరుగుతుంది. సాయంత్రానికి పులుపు ఎక్కుతుంది. మర్నాటికి పుల్లనీళ్లు. పులియకుండా తియ్యగా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, అదే నీరా. అదీ చల్లగా ఉంచకపోతే ఎక్కువసేపు నిలవదు.

మోకు, ముస్తాదు, కత్తి, లొట్టి. గౌడు వెంట ఉండే సామగ్రి అంతా ఇదే, మొత్తం కార్ఖానాను నడుముకు కట్టుకుని ఎక్కుతాడు. నెలల తరబడి దాచాల్సిన సరుకే లేనప్పుడు నేలమాళిగ దేనికి? చెట్టు కింద నీడ, తాటాకు రేక, కూర్చోవడానికి ఒక రాయి ఉంటే దుకాణం అయిపోయినట్టే. అందుకే మన ఊళ్లలో కల్లు మండువలు తరతరాలుగా నడిచినా చరిత్రకారుడికి పునాది రాయి ఒక్కటీ దొరకదు.

టావెర్నియర్ గుర్రాలు ఎందుకు దౌడు తీశాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఐదారు కోసులంటే పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్లు. దింపిన కల్లు చెడకముందే అమ్ముడుపోవాలంటే అదే హద్దు. నగరం చుట్టూ ఆ దూరంలో తోపులు ఉన్నంతకాలమే నగరంలో అసలు కల్లు ఉంటుంది. ఈ లెక్కను కుతుబ్‌షాహీలు మార్చలేకపోయారు, నిజాములూ మార్చలేకపోయారు. మన కాలం దాన్ని మోసం చేసింది. ఆ సంగతికి వస్తాను.

గీతకారుడు కట్టిన కోట

కల్లు గీసేవాళ్లు ఏమీ కట్టలేదా అంటే, ఒకాయన కట్టాడు. జనగామ ప్రాంతంలో పుట్టిన సర్వాయి పాపన్న. కులవృత్తి వదిలి మనుషుల్ని కూడగట్టి, ఇవాళ్టి జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో రాతికోట లేపి, 1708లో ఓరుగల్లు నగరాన్నే కొల్లగొట్టాడు. హైదరాబాదులో కూర్చున్న మొఘల్ సుబేదారుకు కంటిమీద కునుకు లేకుండా చేశాడు. ఆ కోట ఇప్పటికీ ఉంది.

1710లో ఆయన పట్టుబడ్డ తీరు చూడండి. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాసిన ప్రకారం, మారువేషంలో తప్పించుకు పోతున్న పాపన్న హసనాబాద్‌లో ఒక కల్లు దుకాణం దగ్గర ఆగి మంచి కల్లు పొయ్యమన్నాడు. పోసేవాడు పోల్చుకున్నాడు. ఇంకా మంచి కల్లు తెస్తానని కూర్చోబెట్టి కబురు పంపాడు. తల కోసి బాదుషాకు పంపారు, మొండాన్ని హైదరాబాద్ దర్వాజాకు వేలాడదీశారు. ఒక గీతకార్మికుడికి ఈ నగర ప్రాకారం మీద దక్కిన చోటు అది. ఇప్పుడు ఆగస్టు 18న ప్రభుత్వమే ఆయన జయంతి జరుపుతోంది. మూడు వందల ఏళ్లకు పైగా పట్టింది.

పన్ను కట్టిన గోడలు

హైదరాబాద్ రాజ్యంలో మత్తుకు గోడలు కట్టించింది ఆబ్కారీ శాఖ.

కల్లు నిలవుండదు. సారాయి ఉంటుంది. పులిసినదాన్ని బట్టీ పెడితే వచ్చే సారాను నెలలు దాచొచ్చు, వంద మైళ్లు పంపొచ్చు. ఇక్కడి సారాకు ముఖ్యమైన సరుకు ఇప్పపువ్వు, ఉర్దూలో గుల్‌మోహ్వా. పాతకాలంలో గుత్తేదారు ఒక మొత్తం కట్టి హక్కు కొనుక్కునేవాడు. ఆ తర్వాత ఎక్కడ బట్టీ పెట్టుకున్నా, ఎంత కాచుకున్నా ఆయన ఇష్టం. సర్కారుకు ఇది గిట్టలేదు. ఎంత తాగితే అంత పన్ను రావాలంటే సారా అంతా ఒక్కచోట కాగాలి, ఆ చోటుకు ఎత్తయిన గోడ ఉండాలి, గేటుకు తాళం ఉండాలి, తాళంచెవి దరోగా దగ్గర ఉండాలి. సీసా బయటికి పోయే ముందు దాని ఘాటును కొలిచి, గ్యాలన్‌కు ఇంత అని వసూలు చేయాలి. బ్రిటిష్ ఇండియాలో ఈ పద్ధతి ముందే వచ్చింది. నిజాం రాజ్యంలో ఫసలీ 1316లో, అంటే 1906–07లో ఆబ్కారీ చట్టం వచ్చింది. మూసీకి ఉత్తరాన నారాయణగూడలో ఒకటి, నిజామాబాద్ వైపు కామారెడ్డిలో ఒకటి సర్కారు డిస్టిలరీలు నడిచాయి. తర్వాత 1930ల చివర్లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక చెరకు మడ్డి నుంచి ఆల్కహాల్ తీయడమూ మొదలైంది.

జర్మనీ బీరు కార్ఖానా గోడ సరుకు చెడిపోకుండా కాపాడటానికి. మన డిస్టిలరీ గోడ సరుకు లెక్క తప్పకుండా కాపాడటానికి. ఈ తేడా చిన్నదేమీ కాదు. మొదటిదాన్ని కట్టినవాడికి తన పనితనం మీద గర్వం ఉంటుంది, ముఖద్వారం మీద పేరు చెక్కిస్తాడు. రెండోదాన్ని కట్టినవాడికి గర్వపడే పనే లేదు, అది పహారా గోడ. పన్ను వసూలు పద్ధతి మారిన రోజున దాని అవసరం తీరిపోతుంది. ఎవరూ కన్నీరు పెట్టరు.

ఆదిలాబాద్ అడవుల్లో గోండులు తమ దేవర కోసం కాచుకునే ఇప్పసారా ఆ గోడ కట్టిన నాటి నుంచే నేరమైపోయింది. అడవి వాళ్లది, పువ్వు వాళ్లది, హక్కు మాత్రం ఆబ్కారీ వాళ్లది. ఆ అన్యాయం మీద వేరే కథనమే రాయాలి.

కల్లును మాత్రం సర్కారు గోడలో పెట్టలేకపోయింది. అందుకని చెట్టుకు పన్ను కట్టింది. గీసే ప్రతి చెట్టుకూ లెక్క, ప్రతి లెక్కకూ రకం. చెట్టుకూ తాగేవాడికీ మధ్య ముస్తాజర్లు చేరారు. సేంది ఖానాలను, అంటే కల్లు దుకాణాలను, వేలం పాడుకుని గీసేవాడికి పైసలు విదిలించి తాము మేడలు కట్టుకున్నారు. నిజానికి కల్లు డబ్బుతో కట్టిన భవనాలు హైదరాబాదులో ఉన్నాయి, కల్లు పేరు లేకుండా ఉన్నాయి.

ఆ రాబడి ఎంత పెద్దదో నిజాం శత్రువులకు బాగా తెలుసు. 1947 ఆగస్టులో స్వామి రామానంద తీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెస్ ‘జాయిన్ ఇండియా’ సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు ఊరూరా ఈత, తాటి చెట్లను నరికించింది. నిజాం ఖజానా వేరు చెట్టు మొదట్లో ఉందని వాళ్ల లెక్క. దెబ్బ నిజాంకు తగిలింది, గీతకార్మికుడికి అంతకన్నా గట్టిగా తగిలింది. చెట్టు మళ్లీ గీతకు రావాలంటే ఏళ్లు పడుతుంది మరి.

ఒక్క ఓటు

కల్లు ప్రభుత్వాలను నిలబెడుతుందని అందరికీ తెలుసు, పడగొట్టిన సందర్భం కూడా ఉంది. మద్రాసు రాష్ట్రం నుంచి మద్యనిషేధాన్ని వారసత్వంగా తెచ్చుకున్న ఆంధ్ర రాష్ట్రంలో లక్షల మంది గీతకార్మికుల బతుకు బజారున పడింది. నిషేధం ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గీతకార్మికుల తరఫున గౌతు లచ్చన్న మంత్రి పదవి వదులుకుని బయటికొచ్చారు. 1954 నవంబరు 6న కర్నూలు శాసనసభలో అవిశ్వాసం పెడితే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఆంధ్రకేసరిని బ్రిటిష్ తుపాకీ బెదిరించలేకపోయింది, లొట్టి దించేసింది.

రెండేళ్ల తర్వాత రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్ వచ్చింది. అక్కడ నిషేధం, ఇక్కడ సేంది ఖానాలు. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో, తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలవ్వాలో తెలంగాణ శాసనసభ్యులే తేల్చుకోవాలని ఒక అంశమే రాసుకున్నారు. నీళ్లు, నిధులు, నియామకాల గురించి అందరికీ గుర్తుంది. కల్లు గురించి కూడా రాసుకున్నారని చాలామందికి గుర్తు లేదు. 1960ల చివరి దాకా ఒకే రాష్ట్రంలో రెండు తాగుడు చట్టాలు నడిచాయి. నిజాం నాటి ఆబ్కారీ చట్టానికి బదులు 1968లో కొత్త ఎక్సైజ్ చట్టం వచ్చింది.

తర్వాతి కథ పత్రిక చదివేవాళ్లందరికీ తెలిసిందే. 1980ల్లో వారుణివాహిని సారా ప్యాకెట్లు, 1992లో దూబగుంట మహిళలు రాజేసిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత. సారా పోయింది. పాతబస్తీ పక్కన ధూల్‌పేట సందుల్లో బెల్లం, నవసారంతో గుడుంబా కాగడం ఆగలేదు. వినాయకుడి విగ్రహాలకు, పతంగులకు పేరుపడ్డ బస్తీని నగరమంతా గుడుంబాతోనే గుర్తుపెట్టుకుంది. 2015–16లో ఎక్సైజ్ వాళ్లు గట్టిగా మీదపడ్డాకే అది తగ్గుముఖం పట్టింది.

కాంపౌండ్

హైదరాబాదులో కల్లుకు ఏదైనా కట్టడం ఉందంటే అది కాంపౌండే. చూడనివాళ్ల కోసం చెప్తాను. మనిషెత్తు గోడ, ఒక గేటు, లోపల మట్టినేల. ఓ మూల రేకుల షెడ్డు, దాని కింద డ్రమ్ములు, సీసాల ట్రేలు. గుడాలు, బోటి, ఉడకబెట్టిన గుడ్లు అమ్మే తట్టలు. మేస్త్రీలు, హమాలీలు, కూలి నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు. కల్లు కాంపౌండులో ఆడవాళ్లు దర్జాగా కూర్చుని తాగుతారు, ఎవరూ వింతగా చూడరు. నగరంలోని బార్లు ఈ ఒక్క విషయంలో కాంపౌండుకు ఇంకా సాటి రాలేదు. ఆషాఢ బోనాలప్పుడు లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికైనా, గల్లీ పోచమ్మకైనా సాక పొయ్యాలంటే కల్లే కావాలి. బీరు పోసి సాక అనడం కుదరదు.

అందమైన కట్టడమేమీ కాదు, నిజమే. బెర్లిన్ ఇటుక మేడల పక్కన పెడితే నవ్వొస్తుంది. అయినా పేదవాడు కాళ్లు బారజాపి కూర్చునే చోటు ఈ నగరంలో ఇంకెక్కడుందని అడిగితే, నాకు జవాబు తోచదు.

ఆ లోపల డ్రమ్ములో ఏముందన్నదే అసలు గొడవ. సుల్తానుల నాటి హద్దు దాటేసి నగరం పెరిగింది. ఔటర్ రింగు రోడ్డు పొడవే 158 కిలోమీటర్లు. ఐదారు కోసుల లోపల ఒకప్పుడు తోపులున్న చోట ఇవాళ వెంచర్లు. చెట్టు యాభై, వంద కిలోమీటర్లు వెనక్కి జరిగింది. కల్లు స్వభావం మాత్రం జరగలేదు. పొద్దున దింపింది సాయంత్రానికి పులుస్తుంది. మరి వందల డ్రమ్ములు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నీళ్లు, శాకరిన్, కాస్త పాత కల్లు, మత్తుకు క్లోరల్ హైడ్రేట్. అది దొరక్కపోతే డయాజిపామ్, అల్ప్రాజోలమ్. ఇవి నిద్రమాత్రల మందులు. అలవాటుపడ్డ ఒళ్లు అవి అందకపోతే వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, పిచ్చిచూపులు చూస్తుంది. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ మీద దాడులు చేసి సరఫరా ఆపేసరికి ఆసుపత్రులు ఇలాంటివాళ్లతోనే నిండాయి. వాళ్లు తాగుతున్నది కల్లు కాదని అప్పుడు బయటపడింది.

చుట్టుపక్కల చెట్లే లేనప్పుడు కల్లెక్కడిదని 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం నగరంలోని కల్లు దుకాణాలను మూయించింది. ప్రశ్న సరైనదే. గీతకార్మికుల కుటుంబాలు వీధిన పడ్డాయన్నదీ నిజమే. పదేళ్ల తర్వాత, తెలంగాణ వచ్చిన 2014లోనే, కేసీఆర్ ప్రభుత్వం వాటిని మళ్లీ తెరిపించింది. ఆత్మగౌరవం అన్నారు, వృత్తి అన్నారు. కాదనలేం. కానీ 2004 నాటి ప్రశ్నకు 2014లో ఎవరూ జవాబు చెప్పలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు కూలీలు చనిపోయారు, ఎందరో ఆసుపత్రి పాలయ్యారు. లైసెన్సులు రద్దు చేశారు, అరెస్టులు చేశారు. చెట్టు ఎక్కడన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. కాంపౌండును మూసెయ్యమనేవాళ్లు పేదవాడి తాగుడునే నేరంగా చూస్తున్నారు, జూబ్లీహిల్స్ మైక్రోబ్రూవరీలో గోధుమ బీరు తాగేవాడిని ఎవరూ అడగరు. కాంపౌండును ఉన్నదున్నట్టు నడవనివ్వమనేవాళ్లు గౌడుల పేరు చెప్పి గుత్తేదార్లను కాపాడుతున్నారు. ఆ డ్రమ్ములో పౌడరు కలిపే చేతికి మోకు పట్టిన కాయలు ఉండవు. నిజంగా చెట్టెక్కేవాడు కాలు జారి పడితే నడుము విరిగి మంచాన పడతాడు, ఎక్స్‌గ్రేషియా కోసం ఆఫీసుల చుట్టూ అతని భార్య తిరుగుతుంది.

నీరాకు భవనం, కల్లుకు?

2023 మేలో నెక్లెస్ రోడ్డు మీద, హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. చెట్టు నుంచి వచ్చే పానీయం కోసం ఈ నగరంలో సర్కారు ముచ్చటపడి కట్టిన భవనం ఇదేననుకుంటాను. మత్తు లేనిదానికి మేడ దక్కింది! గమ్మత్తేమిటంటే, నీరాను అక్కడిదాకా నిలబెడుతున్నది చల్లదనమే. మ్యూనిక్ బీరు కోసం పుట్టిన యంత్రం చివరికి మన తాటిచెట్టు దగ్గరికీ వచ్చింది. చెట్టు దగ్గరే చల్లబరచి, చల్లగానే బండెక్కిస్తే నీరాతో పాటు అసలు కల్లు కూడా కొంత దూరం చెడకుండా ప్రయాణం చెయ్యగలదు. నీరాకు పెట్టిన ఖర్చు కల్లుకు పెట్టడానికి మొహమాటం దేనికో!

సంగారెడ్డి వైపు వెళ్తే స్టీలు ట్యాంకుల బీరు కార్ఖానాలు వరసగా కనబడతాయి. మంజీర నీళ్లు, కరెంటు చలి. దక్కను ఎండ ఇప్పుడు బీరుకు అడ్డం కాదు. అవి మూతపడితే యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వారసత్వ కట్టడాలంటారా అంటే అనుమానమే. రేకుల షెడ్లను ఎవరూ ప్రేమించరు.

పాతబస్తీకి రావలసింది మ్యూజియం కన్నా ముందు ఒక లెక్క. హరితహారంలో చెరువు గట్ల మీద ఈత మొక్కలు నాటామని ప్రభుత్వం చెప్పింది. వాటిలో ఎన్ని గీతకొచ్చాయో సొసైటీలవారీగా చెప్పాలి. నగరంలో ప్రతి కాంపౌండు గేటు మీద, ఆ కల్లు ఏ ఊరి తోపు నుంచి వస్తోందో, రోజుకు ఎన్ని చెట్లు గీస్తున్నారో బోర్డు రాయించాలి. చెట్ల లెక్కకూ అమ్మే సీసాల లెక్కకూ పొంతన కుదరని లైసెన్సు ఆ రోజే రద్దు కావాలి. కల్తీ నమూనాలు పరీక్షకు వెళ్లే ఎక్సైజ్ ప్రయోగశాల ఉన్నది, ఒకప్పుడు సర్కారు సారా కాగిన ఆ నారాయణగూడలోనే. అక్కడ నెలనెలా వచ్చే ఫలితాలను జనానికి కనబడేలా పెడితే సగం కల్తీ దానంతటదే ఆగుతుంది.

చరిత్ర సంగతి ఇక పాఠకుల చేతిలో ఉంది. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం పాలన నాటి కాగితాలు కుప్పలుగా ఉన్నాయి. ఉర్దూ చదవగల పరిశోధకుడెవరైనా ఆబ్కారీ దస్తావేజులు తిరగేసి, ఏ గల్లీలో ఏ సేంది ఖానా ఉండేదో పాతబస్తీ పటం మీద గుర్తులు పెట్టగలిగితే మంచి పుస్తకమే అవుతుంది. మీ తాతల నాటి సేంది దుకాణం లైసెన్సు, వేలం రసీదు, చెట్టుపన్ను చిట్టా, కాంపౌండు ముందు దిగిన ఫొటో మీ ఇంటి ట్రంకుపెట్టెలో ఉంటే పాత కాగితాలవాడికి వెయ్యకండి. ఒక నకలు తీయించి ఆర్కైవ్స్‌కు ఇవ్వండి.